ఎక్కనివ్వండి ఆ తీగను

మనీ ప్లాంటు గింజలు కావాలని ఏ విత్తనాల కొట్లోనైనా అడిగి చూడండి. కొట్టతను మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. ఈ తీగ మన ఇళ్లలో పూయదు, కాయదు, గింజ కట్టదు. మీ వరండాలో ఉన్నదీ, మీ మేనత్తగారింట్లో టీవీ పక్కన సీసాలో ఉన్నదీ, బ్యాంకులో మేనేజరుగారి బల్ల మీద ఉన్నదీ అన్నీ ఎక్కడో ఒకచోట కణుపు కింద తుంచి ఎవరో ఇచ్చిన ముక్కలే. ఇచ్చిన ముక్కలని మర్యాదకు అంటున్నాను. అడక్కుండా తెంపుకొచ్చిన తీగే కలిసొస్తుందని మనవాళ్లకో నమ్మకం ఉంది కదా! ఆ నమ్మకం వల్ల ఏ ఇంట్లో ఎంత డబ్బు చేరిందో చెప్పలేను గానీ, మొక్కకు మాత్రం బ్రహ్మాండంగా కలిసొచ్చింది. పువ్వు లేదు, గింజ లేదు, తేనెటీగతో పని లేదు. అయినా ఊరూరా, ఇంటింటా పాకిపోయింది. మోసుకెళ్లడానికి మనం ఉన్నాంగా.

దీని సొంత ఊరు మనకు చాలా దూరం. దక్షిణ పసిఫిక్ సముద్రంలో తాహితి పక్కన మొరేయా అని ఒక చిన్న ద్వీపం ఉంది. ఎత్తయిన కొండలు, ఎడతెగని వానలు, చెట్ల కింద ఎప్పుడూ తడి ఆరని నేల. ఆ నేల మీద పాకి, చెట్టు మాను పట్టుకుని పైకి పోయే తీగ ఇది. 1880లో లిండెన్, ఆంద్రే అనే ఇద్దరు దీనికి పోథోస్ ఆరియస్ అని పేరు పెట్టారు. నర్సరీల్లో ఇప్పటికీ పోథోస్ అనే అంటారు. అయితే మొక్కల వంశం తేల్చాలంటే వృక్షశాస్త్రజ్ఞులకు పువ్వు కావాలి. ఇది పూయదాయె. అందుకని కొన్నాళ్లు ఈ వంశంలో, కొన్నాళ్లు ఆ వంశంలో దీన్ని తిప్పారు. చివరికి ఒక తీగ పూసింది. ఆ పువ్వును పరిశీలించాక 1964లో ఎపిప్రెమ్నమ్ ఆరియమ్ అనే పేరు పెట్టారు. మరి ఎందుకు పూయదు? దీని ఒంట్లో జిబ్బరెల్లిన్ అనే హార్మోను సరిగ్గా తయారు కాకపోవడం వల్లనని 2016లో తేల్చారు. ద్రాక్ష గుత్తులు సాగడానికి, కాయ ఊరడానికి మన రైతులు పిచికారీ చేసే మందు ఉందే, అదే జాతి హార్మోను. దాన్ని చల్లితే మనీ ప్లాంటు కూడా పూసింది. ఆ పువ్వు మనం పూజకు కోసుకునేలాంటిదేమీ కాదు లెండి. కంద పువ్వులా మధ్యలో ఒక కాడ, చుట్టూ ఒక దొప్ప, అంతే. అందుకే ఆ ప్రయత్నం చేయమని మీకు చెప్పను.

నేను చెప్పదలుచుకున్నది వేరే ఉంది. మన ఇళ్లలో ఏళ్ల తరబడి ఉంటున్న మనీ ప్లాంటు పెద్దదైన మొక్క కాదు. అది ఎప్పుడూ చిన్నతనంలోనే ఉండిపోయిన మొక్క.

కోస్తా ఊళ్లలో పాత పెరళ్లు తిరిగినవాళ్లకు ఈ మాట చటుక్కున అర్థమవుతుంది. ఎవరో ఎప్పుడో మామిడి చెట్టు మొదట్లో పారేసిన తీగ ముక్క మాను పట్టుకుని కొమ్మల దాకా పోయి ఉంటుంది. కింద అరచేతిలో పట్టే ఆకులు. తలెత్తి చూస్తే పైన ఒక్కో ఆకు విస్తరాకంత! దాని అంచులు కూడా ఒకచోట చీలి, ఒకచోట చీలకుండా ఉంటాయి. ఇది మనీ ప్లాంటేనా అని చాలామంది నమ్మరు. నమ్మకపోతే తీగను వేళ్లతో తడుముతూ పైకి వెళ్లండి, అదే తీగ. బాగా పైకెక్కిన ఆకు మీటరు పొడవు, దాదాపు అర మీటరు వెడల్పు దాకా పెరుగుతుంది. తీగ ఇరవై మీటర్ల ఎత్తుకు పోగలదు. మనింట్లో పదేళ్లుగా ఉన్న తీగకు మాత్రం మొదటి రోజు ఎంత ఆకు ఉందో ఇవాళా అంతే ఉంటుంది. కొన్నిసార్లు ఇంకా చిన్నదవుతుంది.

కారణం ఎరువు కాదు, నీళ్లు కాదు. మనం దాన్ని కిందికి వేలాడదీస్తున్నాం. ఇది ఎక్కే జాతి. పట్టుకోవడానికి మాను దొరికి పైకి పోతున్నంతసేపూ కొత్తగా వచ్చే ప్రతి ఆకూ ముందు ఆకు కంటే కాస్త పెద్దదిగా వస్తుంది. పట్టు తప్పి కిందికి జారిందా, లెక్క తిరగబడుతుంది. కణుపుకూ కణుపుకూ మధ్య దూరం పెరుగుతుంది, ఆకు కురచబడుతుంది, తీగ సన్నబడుతుంది. మనం చూసి, అబ్బ, ఎంత పొడుగు పెరిగిందో అని మురిసిపోతాం. నిజానికి అప్పుడు ఆ తీగ ఆకుల మీద ఖర్చు తగ్గించుకుని ఇంకో చెట్టు కోసం వెతుక్కుంటోంది.

ఆ వెతకడంలో కూడా ఒక చిత్రం ఉంది. మొక్కలు వెలుగు వైపు పోతాయని మనం బడిలో చదువుకున్నాం. 1975లో స్ట్రాంగ్, రే అనే ఇద్దరు పరిశోధకులు కోస్టారికా అడవిలో మాన్‌స్టెరా తీగ మొలకలను పరిశీలించారు. మాన్‌స్టెరా అంటే ఇప్పుడు నగరాల్లో ఫ్యాషనైన చిల్లుల ఆకుల మొక్క, మన మనీ ప్లాంటు బంధువే. ఆ మొలకలు వెలుగు వైపు పోలేదు. చుట్టూ ఎటు ఎక్కువ చీకటిగా ఉందో అటు పాకాయి. అడవిలో దగ్గర్లో అన్నిటికంటే చీకటిగా కనిపించేది పెద్ద మాను కదా! మానును అందుకున్నాక అప్పుడు వెలుగు కోసం పైకి తిరిగాయి.

ఎక్కే తీగకు మాను కావాలన్నది మన రైతులకు కొత్త సంగతేమీ కాదు. తమలపాకు తోట వేసేవాళ్లు ముందు అవిశ మొక్కలు నాటి, అవి ఎదిగాక తీగను వాటికి కట్టి ఎక్కిస్తారు. అరకు, చింతపల్లి వైపు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు ఎక్కిస్తారు. నేల మీద పాకిన మిరియపు తీగకు కాపు ఉండదు. మాను పట్టుకుని ఎక్కినదానికే పక్క కొమ్మలు వేసి గుత్తులు దిగుతాయి. పొలంలో ఇంత తెలిసిన మనం హాల్లోకి వచ్చేసరికి మర్చిపోయాం.

కాబట్టి మీ మనీ ప్లాంటుకు ఒక మాను ఇవ్వండి. నర్సరీల్లో మాస్ స్టిక్ అని కొబ్బరి పీచు చుట్టిన కర్ర అమ్ముతారు. కొనకపోయినా పోయేదేం లేదు. రెండంగుళాల పీవీసీ గొట్టం ముక్క, దాని మీద దగ్గర దగ్గరగా చుట్టిన లావుపాటి కొబ్బరి తాడు, అంతే సరంజామా. ఇంకా మంచిది కావాలంటే ప్లాస్టిక్ మెష్‌ను గొట్టంలా చుట్టి, లోపల తడిపిన కొబ్బరి పీచూ పొట్టూ కూరండి. ఇది తడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది. కుండీ అడుగుదాకా కర్రను దించి, మట్టి పైన కనీసం మూడడుగులు ఉండేలా చూసుకోండి. తర్వాత పొడిగిద్దాంలే అనుకుంటాం గానీ, ఎవరూ పొడిగించరు.

ఇప్పుడు తీగను చేతిలోకి తీసుకుని దగ్గరగా చూడండి. ఆకు కాడ తీగకు అతికే చోట కణుపు ఉంటుంది. ఆ కణుపు దగ్గర గోధుమరంగులో చిన్న బొడిపె కనిపిస్తుంది, కొన్నిటికి అర అంగుళం పొడుగు వచ్చి ఆగిపోయి ఉంటుంది. అదే గాలి వేరు. తీగకు ఆ వేళ్లున్న వైపు ఏదో చూసుకుని, ఆ వైపు కర్రకు ఆనేలా పెట్టాలి. జనపనార దారంతోనో పాత చీర పీలికతోనో కట్టాలి. కట్టేది తీగను, ఆకు కాడను కాదు. కాడను కట్టేస్తే ఆకు తిరగలేదు. ఆకు తిరగడమేమిటి అంటారా? ఆకు పత్రం, కాడ కలిసే చోట కాస్త లావుగా, ఒక మోకాలు లాంటి మడత ఉంటుంది. వెలుగు ఎటుంటే అటు ఆకును తిప్పేది ఆ మోకాలే. కుండీని అటుది ఇటు తిప్పి పెట్టి కొద్ది రోజులాగి చూడండి, ఆకులన్నీ మళ్లీ కిటికీకేసి ముఖం తిప్పుకుని ఉంటాయి. ఆ పనికి అడ్డం రాకూడదు.

కర్రను తడుపుతూ ఉండాలి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఎండిన కర్రకు తీగను కడితే అది కట్టేసిన తీగే గానీ ఎక్కిన తీగ కాదు. పీచు తడిగా ఉంటేనే గాలి వేరు అందులోకి దిగుతుంది. ఒకసారి దిగిందంటే మీ దారాలతో పని లేదు, తీసేయొచ్చు. అప్పటినుంచి వచ్చే ఆకుల్ని గమనించండి. కొత్త ఆకు ముందు ఆకు కాడ తొడుగులోంచి సన్నగా చుట్ట చుట్టుకుని లేత పసుపుపచ్చగా బయటికొస్తుంది. విచ్చుకున్నాక వారంలో రంగు తిరుగుతుంది. పాత ఆకులు పెరుగుతాయని మాత్రం ఎదురుచూడకండి. విచ్చుకున్న ఆకు సైజు అంతే. పెద్దదయ్యేది తర్వాత వచ్చేదే. అలాగే ఆకులు రాలి బోడిగా మిగిలిన తీగ భాగంలో మళ్లీ ఆకు రాదు. అక్కడ కత్తిరిస్తే కణుపు నుంచి కొత్త కొమ్మ వేస్తుంది.

ఇంట్లో విస్తరాకంత ఆకు వస్తుందా అంటే, రాదు. హైదరాబాద్ ఫ్లాట్‌లో అంత తడి గాలి ఎక్కడుంది? అయినా ఇప్పుడున్నదానికి రెట్టింపు ఆకు, తొడిగిన ప్రతి ఆకుకూ పెరుగుతున్న తీరు మీరు చూడొచ్చు. నా మటుకు నాకు పొడుగాటి జడలా కిటికీ చుట్టూ తిప్పిన తీగ కన్నా మూడడుగుల కర్ర మీద నిటారుగా నిలబడ్డ తీగే అందంగా ఉంటుంది. ఇది అభిరుచి వ్యవహారం, పోట్లాడుకోం.

వెలుగు సంగతి. ఈ మొక్క చీకట్లో పెరుగుతుందని ఒక ప్రచారం. చీకట్లో ఇది పెరగదు, చావకుండా ఉంటుంది. రెండిటికీ తేడా ఉంది. పగటిపూట లైటు వేసుకోకుండా దినపత్రిక హాయిగా చదువుకోగలిగిన చోటు దీనికి సరైన చోటు. తూర్పు కిటికీ పక్క అయితే మరీ మంచిది, పొద్దుటి లేత ఎండ తగిలినా ఏమీ కాదు. పడమటి బాల్కనీలో మే నెల ఎండ మాత్రం ఒక్క మధ్యాహ్నంలో ఆకును తెల్లగా పాలిపోయేలా కాల్చేస్తుంది, ఆ మచ్చ మళ్లీ పోదు. వాస్తు ప్రకారం ఆగ్నేయంలో పెట్టాలంటారు. పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. ఆగ్నేయ మూల కిటికీ ఉందో బీరువా ఉందో కూడా ఒకసారి చూసుకోండి.

రంగుల రకాలకు ఈ వెలుగు మరీ ముఖ్యం. ఆకు మీద తెలుపు ఉన్న చోట పత్రహరితం ఉండదు, అంటే అక్కడ వంట జరగదు. మార్బుల్ క్వీన్ లాంటి తెల్లచారల రకం మామూలు గోల్డెన్ రకం కంటే నెమ్మదిగా పెరగడానికి కారణం అదే. మూలన పెడితే పచ్చభాగం ఎక్కువైన ఆకులు వేస్తుంది. ఒక కొమ్మ పూర్తిగా పచ్చగా మారితే దాన్ని మొదటికంటా తీసేయండి. తిండి బాగా తయారు చేసుకునే కొమ్మ అది. ఊరుకుంటే మిగతావాటిని అణగదొక్కి కుండీ అంతా తనదే చేసుకుంటుంది.

నీళ్ల విషయంలో మనవాళ్లది ధారాళమైన చెయ్యి. రోజూ దేవుడి దగ్గర దీపం పెట్టినట్టు రోజూ ఒక చెంబెడు. మనీ ప్లాంటు ఎండి చచ్చినదాని కన్నా మునిగి చచ్చినదే ఎక్కువ. వేలును మట్టిలోకి రెండు కణుపుల దాకా దించండి. చల్లగా తగిలితే నీళ్లు వద్దు. పొడిగా ఉంటే అడుగు కన్నంలోంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయండి. ఈ లెక్కన మే నెలలో వారానికి రెండు మూడుసార్లు, డిసెంబరులో పది రోజులకొకసారి రావచ్చు. ఆదిలాబాద్ చలికీ మచిలీపట్నం ఉక్కకూ ఒకే లెక్క చెప్పడం కుదరదు, మీ వేలే మీకు చెప్పాలి. కింది ఆకులు వరసపెట్టి పసుపుబారుతూ, మట్టి తడిగానే ఉండి, ఒకలాంటి కుళ్లు వాసన వస్తుంటే వేళ్లు కుళ్లుతున్నాయన్నమాట. ఇంకా నీళ్లు పోయడం కాదు, మొక్కను తీసి నల్లబడి మెత్తబడిన వేళ్లు కత్తిరించి కొత్త మట్టిలో పెట్టాలి. ఆకు కొసలు మాత్రమే ఎండి గోధుమరంగుకు తిరిగితే అది ఏసీ గాలి వల్ల కావచ్చు, బోరు నీటి ఉప్పు వల్ల కావచ్చు. కుండీ అంచున తెల్లటి పొర కడుతోందంటే ఉప్పే. వాన నీళ్లు పట్టి పోయండి.

పొద్దున్నే కొన్ని ఆకుల కొనన ఒక నీటి బొట్టు వేలాడుతూ ఉంటుంది. మంచు కాదది, హాల్లో మంచు ఎక్కడిది? రాత్రి వేళ్లు లాగిన నీరు ఎక్కువైతే మొక్క దాన్ని ఆకు కొసన ఉన్న రంధ్రంలోంచి బయటికి తోసేస్తుంది. జబ్బు కాదు. అది మరీ రోజూ కనిపిస్తుంటే మట్టి తడి ఒకసారి చూసుకోండి.

మట్టి. నర్సరీ నుంచి వచ్చిన మొక్క కవరు విప్పితే చాలాసార్లు బంకమట్టి ముద్ద ఉంటుంది. లారీల్లో దూరాలు పోవాలి, వేళ్ల చుట్టూ మట్టి రాలిపోకూడదు, అమ్మేవాళ్ల ఇబ్బంది వాళ్లది. రాజమహేంద్రవరం దగ్గర కడియం, కడియపులంక నర్సరీల నుంచి దేశం నలుమూలలకూ మొక్కలు పోతుంటాయి కదా! ఇంటికి తెచ్చాక మాత్రం ఆ ముద్ద ఎండితే ఇటుకవుతుంది. నీళ్లు దాని పక్కల నుంచి జారి కిందికి పోతాయి, వేళ్లకు అందవు. వారం పది రోజులు మొక్కను కొత్త చోటికి అలవాటు పడనిచ్చి, ముద్దను నీళ్లలో నానబెట్టి మెల్లగా విప్పండి. ఎర్రమట్టి ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు, వర్మీకంపోస్టూ ముతక ఇసుకా కలిపి ఒక పాలు. ఇది చాలు. ఎరువుకు పెద్ద ఆర్భాటం అక్కర్లేదు. తొలకరి నుంచి దసరా దాకా నెలకొకసారి గుప్పెడు వర్మీకంపోస్టు. లేదంటే లీటరు నీటికి ఒక గ్రాము 19-19-19 ఎరువు కలిపి పోయొచ్చు. చలికాలంలో ఏమీ వద్దు. చక్కెర వేసిన టీ పిప్పి, విరిగిన పాలు తెచ్చి కుండీలో వంచేవాళ్లున్నారు. దానివల్ల చీమలు బాగా పెరుగుతాయి.

ఇక సీసాలో పెట్టేవాళ్లకు కొంచెం గట్టిగానే చెప్పాలి. నీళ్లలో ఈ తీగ బతుకుతుంది, వేరు వేస్తుంది, అందంగానే ఉంటుంది. అయితే డెంగీ తెచ్చే ఏడిస్ దోమకు కావలసింది కూడా సరిగ్గా అదే. ఇంట్లో, నీడపట్టున, కదలని శుభ్రమైన నీళ్లు. గుడ్డు నుంచి దోమ అయ్యేదాకా వారం, పది రోజులు చాలు. ఆరోగ్య శాఖవాళ్లు శుక్రవారం డ్రై డేగా పాటించి నిల్వ నీళ్లన్నీ పారబోయమని చెప్పుకొస్తున్నది అందుకే. నీళ్లు మార్చడమొక్కటే సరిపోదు. ఆ దోమ గుడ్లు పెట్టేది నీటి మట్టానికి కాస్త పైన, సీసా గోడకు. అవి ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగలగానే పిల్లలవుతాయి. కాబట్టి వారం వారం పాత నీళ్లు మట్టి నేల మీద పారబోసి, సీసా లోపల బ్రష్షు పెట్టి గోడలు రుద్ది కడిగి, వేళ్లను కూడా కుళాయి కింద కడిగి పెట్టాలి. మూతి చుట్టూ దూది కుక్కితే ఇంకా మంచిది. అంత ఓపిక లేదనుకుంటే సీసా మానేసి కుండీకి మారండి. వేళ్లు రెండు మూడంగుళాలు ఉన్నప్పుడే మార్చాలి. ఏళ్ల తరబడి నీళ్లలో ఉన్న వేళ్లు మట్టికి అలవాటు పడలేవు. ముదురు రంగు సీసా అయితే పాచి పట్టదు. స్వచ్ఛంగా కనిపించే తెల్ల గాజు సీసాలో నాలుగు రోజులకే పచ్చ పొర కడుతుంది.

గాలిని శుద్ధి చేస్తుందనే మాట మీరూ విని ఉంటారు. నాసా కోసం వుల్వర్టన్ అనే శాస్త్రజ్ఞుడు 1989లో ఇచ్చిన నివేదిక దీనికి మూలం. ఆ ప్రయోగాల్లో ఈ తీగ ఉన్న మాట నిజమే. అయితే అవి బయటి గాలి సోకని మూసిన పెట్టెల్లో చేసిన ప్రయోగాలు. ఇంట్లో తలుపులు, కిటికీలు, సందుల నుంచి గాలి వస్తూ పోతూ ఉంటుంది. ఆ గాలి చేసేంత పని మొక్కలతో చేయించాలంటే చదరపు మీటరు నేలకు పది నుంచి వెయ్యి మొక్కల దాకా కావాలని 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వాళ్లు లెక్కగట్టారు. అప్పుడు మనం ఎక్కడ కూర్చోవాలి? కిటికీ తీయండి, చాలు.

మనీ ప్లాంటుది కంద, చేమల కుటుంబం. కంద కోసిన చేతులకు దురద ఎందుకు వస్తుందో దీని ఆకు నమిలితే నోరు మండడానికీ కారణం అదే. కంటికి కనిపించని కాల్షియం ఆక్సలేట్ సూదులు. పాకే పసిపిల్లలు, కుక్కపిల్లలు, పిల్లులు ఉన్న ఇంట్లో తీగ వాటికి అందకూడదు. కర్ర మీద పైకి ఎక్కించడానికి ఇదొక అదనపు సాకు. కత్తిరించాక చేతులు కడుక్కోకుండా కళ్లు నలుపుకోకండి.

పురుగుల్లో చూడాల్సింది ముఖ్యంగా పిండినల్లి. ఆకు కాడ మొదట్లో తెల్లటి దూది పింజలా కనిపిస్తుంది. కొద్దిగా ఉంటే తడి గుడ్డతో తుడిచేయడమే. ఎక్కువైతే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున తడిచేలా కొట్టండి, వారానికోసారి పోయేదాకా. ఆకులు నిగనిగలాడాలని కొబ్బరి నూనె రాసేవాళ్లున్నారు. దుమ్మంతా దానికి అతుక్కుంటుంది. ఉత్త నీళ్లతో తుడిస్తే వచ్చే నిగనిగే మొక్కకు చాలు.

విదేశాల్లో ఉన్న పిల్లలకు ఇక్కడి తీగ ముక్కను సూట్‌కేసులో పెట్టి పంపే తల్లులకు ఒక మాట. అమెరికాలాంటి చోట్ల ఆరోగ్య ధ్రువపత్రం లేని మొక్కను విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. అక్కడి దుకాణాల్లో పోథోస్ అని అడిగితే దొరికేది ఇదే. చలికాలంలో గడ్డకట్టే కిటికీ అద్దానికి ఆకు తగలకుండా, హీటరు గాలి నేరుగా కొట్టకుండా పెట్టుకోమనండి.

చివరికి కర్ర పై కొసకు తీగ చేరిపోయాక ఏం చేయాలి? వదిలేస్తే వంగి కిందికి దిగుతుంది, మళ్లీ ఆకులు చిన్నవవుతాయి. పైనున్న పెద్ద ఆకుల భాగాన్ని, రెండు మూడు కణుపులూ వాటి గాలి వేళ్లూ ఉండేలా కత్తిరించి, కొత్త కర్ర ఉన్న కుండీలో నాటండి. తొలకరి వానలు మొదలయ్యే రోజుల్లో అయితే త్వరగా నాటుకుంటుంది. అడుగున మిగిలిన మొద్దు కూడా మళ్లీ చిగురిస్తుంది. రెండు మొక్కలవుతాయి. పక్కింటివాళ్లు అడిగితే ఇవ్వండి, అడక్కుండా తెంపుకుపోయినా చూడనట్టుండండి.

మిగిలిన చెత్త తీగను మాత్రం కాలువ గట్టునో, ఊరవతల తుప్పల్లోనో విసరకండి. ఒక్క కణుపు చాలు దీనికి. శ్రీలంకలో, హవాయిలో, ఉత్తర ఆస్ట్రేలియాలో ఇలా పారేసిన తోట తీగే అడవిలోకి చొరబడి నేలంతా కప్పేసి, కింద ఇంకో మొలక లేవకుండా చేస్తోంది. డాబా మీద సిమెంటు నేలపై నాలుగు రోజులు పరిచి, కణుపులు కూడా గలగలమనేలా ఎండబెట్టి, ఆ తర్వాత ఎరువు గోతిలో వేయండి.